గ్రంథాలయ పన్ను: పంచాయతీ బాధ్యత

ఇంటి పన్ను లెక్కను ఒకసారి పరికించి చూడుడు. రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను అందులో చేరియుండును. అది పంచాయతీ ఆదాయము కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి పంచాయతీ దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను.

నెల్లూరు సీమకు ఈ పన్ను అంతకు ముందే పరిచితము. జిల్లా అప్పుడు మదరాసు రాష్ట్రములోనిదగుటచే 1948 నాటి మదరాసు చట్టము ఇచటను వర్తించినది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన కాలమున పఠన మందిరములు పెక్కు చందాలపై నడచెడివి. చందా దాత మనస్సును బట్టి వచ్చును. పన్ను ఏటేట వచ్చును. ఆ స్థిరత్వము కొరకే చట్టము పుట్టినది.

నిధుల కోత యనగానే ప్రభుత్వ గ్రాంటు తగ్గుటయే మనకు తోచును. వసూలైన పన్ను పంచాయతీ ఖాతాలో నిలిచిపోవుటయు కోతయే. వీధిదీపములకో, నీటి మోటారు మరమ్మతుకో వాడితిమని కొందరందురు. అవసరము నిజమే కావచ్చును గాని సొమ్ము మనది కాదు.

ఏటా 2 లక్షల రూపాయల ఇంటి పన్ను వసూలగు గ్రామము చెల్లింపవలసినది 16,000 రూపాయలు. చిన్న మొత్తమేయని ప్రతి గ్రామమును ఊరకున్నచో జిల్లా సంస్థకు మిగులునదేమి? ముందు పత్రికలు తగ్గును. పోటీ పరీక్షలకు చదువు యువకునికి పాత పుస్తకమే గతియగును. గ్రంథపాలకుని ఖాళీ నిండదు. ఒక్కరే రెండు శాఖలు చూడవలసి వచ్చి, తలుపులు ఒకపూటయే తెరచుకొనును. పాఠకులు తగ్గుదురు. రిజిస్టరులో సంతకములు లేవని చూపి నిధిని మరల తగ్గింతురు!

మైపాడు, జువ్వలదిన్నె వంటి తీర గ్రామముల సంగతి యోచింపుడు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకు వేట నిషేధము. పాఠశాలలకు వేసవి సెలవులును ఆ నెలలలోనే. తండ్రికి, బిడ్డకు ఒకేసారి తీరిక దొరకు కాలమది. అప్పుడు గ్రంథాలయము మూసియున్నచో పాలెము వారు చదువుటకై పట్టణమునకు పోజాలరు. ఫోనులో అన్నియు కలవుగదా యనువారు గలరు. నిశ్శబ్దమైన గదియు, కూర్చుండి వ్రాసికొను బల్లయు ఫోనులో లేవు.

రాబోవు సమావేశమున కార్యదర్శిని గత మూడేండ్ల లెక్క చూపుమని కోరుడు: ఇంటి పన్ను వసూలెంత, దానిపై గ్రంథాలయ పన్నెంత, జిల్లా సంస్థ ఇచ్చిన రసీదులెన్ని. తేడాయే బకాయి. ఒక్కమారు చెల్లింపలేనిచో వాయిదాలు నిర్ణయించి తీర్మానము చేయవచ్చును. ఆ తీర్మానముతోపాటు, వేట నిషేధ దినములలో సాయంకాలములందును గ్రంథాలయము తెరచి యుంచవలెనని జిల్లా సంస్థకు ఒక లేఖను జతపరచుడు.