కాపలా మూల వదలొద్దు: ఐరన్, బ్రాంజ్ సెంటినెళ్లకు జాగ్రత్తలు

నల్గొండలో ఆడినా, పాలమూరులో ఆడినా వాలరెంట్ ఆట మనకు ముంబై సర్వర్ మీదే నడుస్తుంది. ఐరన్, బ్రాంజ్ లాంటి కింది ర్యాంకుల్లో టీమంటే ఒకరికి తెలుగు, ఇంకొకరికి హిందీ, మరొకరికి తమిళం. మైకు ఉన్నా నోరు విప్పనివాళ్లు ఇద్దరు. అందరికీ ముందుకురికే డ్యూయెలిస్టే కావాలి. ఆఖరున మిగిలినవాడు సేజో, సైఫరో, కిల్‌జాయో, అంటే కాపలా కాసే సెంటినెల్‌ను తీసుకుంటాడు. ఈ జాగ్రత్తలు అతని కోసం.

చేయవలసినవి

గడియారం చూడండి. రౌండుకు 100 సెకన్లు. మనం కాపలా వైపు ఉన్నప్పుడు, దాడి చేసేవాళ్లు ఆలోగా స్పైక్ (బాంబు) పెట్టలేకపోతే రౌండ్ మనదే. తొందర వాళ్లకుండాలి, మనకెందుకు? ఐరన్, బ్రాంజ్‌లలో చాలా రౌండ్లు పోయేది ఎదుటివాడి గురి వల్ల కాదు. అడుగుల చప్పుడు వినగానే ‘ఒక్కణ్ణి లేపేసొస్తా’ అని మన కాపలావాడే మూల విడిచి వెళ్లడం వల్ల.

ప్రాణాలతో ఉండండి. కిల్‌జాయ్ చస్తే ఆమె టరెట్, అలారంబాట్ ఆగిపోతాయి. సైఫర్ పోతే అతని ట్రిప్‌వైర్లూ అంతే. ఒక్కరు పోతే స్పైక్ పెట్టే సైటంతా గుడ్డిదవుతుంది కాబట్టి, స్కోర్‌బోర్డులో మీ పేరు అడుగున ఉన్నా పట్టించుకోకండి. సెంటినెల్ పనితనం కిల్స్ లెక్కలో సరిగా కనిపించదు.

ట్రాపులన్నీ ఒకే సందు మొదట్లో పరిచేయకండి. దేవరకొండలో ఏడు గుట్టల నడుమ పద్మనాయకులు కట్టిన కోట చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు: ఒక్క ద్వారం దాటినంత మాత్రాన కోట చేతికి రాదు. ఒక ట్రాపు దూరంగా, వాళ్లొస్తున్నారని తెలియడానికి. ఇంకొకటి దగ్గరగా, తగిలినవాణ్ణి మీరు నిలబడ్డ చోటు నుంచే కాల్చడానికి. మీ తుపాకి అందని చోట పెట్టిన ట్రాపు వట్టి గంటే. రెండు రౌండ్లకోసారి చోటు మార్చండి, బ్రాంజ్ వాడైనా మూడోసారి వెతికి పగలగొడతాడు.

చూసింది చెప్పండి. ‘బీ మెయిన్, త్రీ’ అంటే చాలు, తెలుగు రానివాడికీ అర్థమవుతుంది. దాడి వైపు ఆడేటప్పుడు టీమ్ వెనక దారి కాపలా బాధ్యత మీదే. ఆ పని ఇంకెవరూ చేయరు.

చేయకూడనివి

‘ఏ’లో నాలుగు తూటాలు పేలగానే ‘బీ’ వదిలి పరుగెత్తొద్దు. స్పైక్ ఎవరికైనా కనబడిందా అని ముందు అడగండి. హేవెన్ మ్యాప్‌లో సైట్లు మూడు, మనం అయిదుగురం. ఒక్కడు తొందరపడితే ఒక తలుపు బార్లా తెరిచినట్టే. బైండ్‌లో టెలిపోర్టర్ మోతతో మోసం చేయడం ఇంకా తేలిక. పైగా కిల్‌జాయ్ దూరం వెళ్తే ఆమె పరికరాలు పనిచేయవు.

సేజ్ గోడ మనవాళ్లు వెనక్కి వచ్చే దారిలో లేపొద్దు. చచ్చినవాణ్ణి శత్రువు తుపాకి ముందు లేపొద్దు. లేచేవాడు కాసేపు ఏమీ చేయలేడు, లేపి వాణ్ణి మళ్లీ చంపించినట్టవుతుంది.

స్పైక్ పెట్టాక 45 సెకన్లు ఉంటాయి, డిఫ్యూజ్‌కు 7 పడుతుంది. సగం, అంటే మూడున్నర సెకన్లు పూర్తయితే ఆ పని పోదు. తర్వాత అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. అందుకని మొదటిసారే మొండిగా కూర్చోవద్దు. ఒకసారి ముట్టుకుని వదిలేయండి. ఆ శబ్దానికి దాక్కున్నవాడు బయటికి తొంగిచూస్తాడు. కింది ర్యాంకుల్లో ఇది ఆశ్చర్యంగా పనిచేస్తుంది.

నలుగురూ ఆటలోని డబ్బు దాచుకునే రౌండులో మీరొక్కరే 2900 పెట్టి వాండల్ కొనొద్దు.

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటును నమ్మి ర్యాంక్డ్ మొదలుపెట్టొద్దు. యూపీఎస్ కంప్యూటర్‌కు ఉండి రౌటర్‌కు లేకపోతే లాభం లేదు. ఆట మధ్యలో పోయినవాడికి శిక్ష పడుతుంది, కరెంటు పోయిందంటే వినేవాడు అక్కడుండడు.

‘తమ్మీ, పాస్‌వర్డ్ చెప్పు, గోల్డ్‌కు తీసుకుపోతా’ అన్నవాడికి అకౌంట్ ఇవ్వొద్దు. ర్యాంకు అలా పెంచుకోవడం రయట్ గేమ్స్ నిబంధనలకు విరుద్ధం, దొరికితే అకౌంటే పోవచ్చు. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. మ్యాచ్ మీద పందెం కాద్దామన్న స్నేహితుడి మాట వినొద్దు. ఉచిత స్కిన్ల లింకు నొక్కి ఖాతాలో డబ్బు పోగొట్టుకుంటే ఇంట్లో తిడతారని దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతూ ఉంటుంది.