మందిరమునకు నేల సిద్ధపరచుట



ఈ నెల పాఠమునకు లూకా సువార్త 6వ అధ్యాయము చివరి భాగము చదువుకొనుడి. ఇల్లు కట్టిన ఇద్దరి ఉపమానము మత్తయిలోను ఉన్నది గాని, బుద్ధిమంతుడు లోతుగా త్రవ్విన సంగతి లూకా మాత్రమే వ్రాసెను. బండ అతనికి పైన కనబడలేదు, శ్రమపడి వెదకవలసి వచ్చెను. సికింద్రాబాదు చుట్టుపట్ల మందిరము కట్టదలచిన గ్రామ సంఘములు ఈ సంగతి ధ్యానింపవలెను. మనలో చందా పట్టుట, పునాదిరాయికి పెద్దలను పిలుచుట ముందు జరుగును, నేల సంగతి వెనుకబడును.

మొదట ఆ నేల ఎవరిదో తెలిసికొనవలెను. మక్పేలా పొలమును ఎఫ్రోను ఊరకనే ఇత్తుననినను, అబ్రాహాము 400 తులముల వెండి తూచి యిచ్చెను. ఆదికాండము 23లో పొలము, గుహ, హద్దులలోని చెట్లు కూడ వివరింపబడినవి. పురద్వారమున సాక్షులుండిరి. ప్రేమతో ఇచ్చిన స్థలమునకు కాగితమడుగుట మర్యాద కాదని కొందరందురు. మేమట్లు తలంచము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము దానపత్రము రిజిస్టరు కావలెను, కనీసము ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను.

అసైన్డు భూమి సంగతి మరింత కఠినము. సర్కారు పేదలకిచ్చిన అట్టి భూమిని అమ్ముటను, దానమిచ్చుటను 1977 చట్టము నిషేధించుచున్నది. ఒక విధవరాలు తన అసైన్డు చెక్కలో నాలుగు గుంటలు మందిరమునకు ఇత్తునన్నచో ఆమె మనస్సు గొప్పదే. కాని మనము పుచ్చుకొన్నయెడల ఆ భూమిని సర్కారు స్వాధీనము చేసికొనవచ్చును. ఆమె కూటిని పోగొట్టి మనమెట్లు ఆరాధింతుము? కృతజ్ఞత చెప్పి, వద్దనుటయే మేలు. చెరువు శిఖము భూమి జోలికి అసలే పోరాదు. 2024లో హైదరాబాదులో ఏర్పడిన హైడ్రా, చెరువుల హద్దులలోని కట్టడములను పడగొట్టుట అందరెరిగినదే.

ఇక మట్టి. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెర్రెలు విచ్చును. రోహిణి కార్తెలో నెర్రెలోనికి కర్ర దింపి లోతు చూడుడి. పునాది అంతకంటె క్రిందికి పోవలెను. ఎర్రనేలలో మొరము త్వరగా తగులును, అది మంచి ఆధారమే. అయితే మన ప్రాంతములో ఒక మోసమున్నది. మేము చూచిన ఒక గ్రామములో మూడడుగులకే రాయి తగిలెనని అందరు సంతోషించిరి. తాపీమేస్త్రి తొందరపడక గునపముతో చుట్టు త్రవ్వించగా అది బండ కాదు, మొరములో ఇమిడిన గుండు! గోడ సగము గుండుమీద, సగము మట్టిమీద నిలిచినచో మట్టివైపు క్రుంగి గోడ పగులును. అందుచేత నాలుగు మూలల, నడుమను గుంటలు తీసి చూడవలెను. ఊరి ముసలివారిని కూడ అడుగుడి. పూడ్చిన పాత బావి, పెంటగుంట ఎక్కడనున్నవో వారికే తెలియును.

మెదక్ దేవాలయము కట్టించిన పోస్నెట్టు దొరగారు 1895లో సికింద్రాబాదు వచ్చి, తిరుమలగిరిలో సైనికుల మధ్య సేవచేసి, పిమ్మట మెదక్ చేరిరి. 1914లో మొదలైన ఆ పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠకు వచ్చెను. పదేండ్లు! మన సంఘములు ఒక వానకాలమైనను ఆగలేవా? మృగశిర వానలో గొడుగు పట్టుకొని స్థలమున నిలువుడి. నీరు ఎటునుండి వచ్చి ఎక్కడ నిలుచునో చూచి, కాలువ తీయు చోటు గుర్తుపెట్టుకొనుడి.

తరువాత తుమ్మ మొద్దులను వేళ్లతో సహా పెకలింపవలెను, లేనిచో చెదలు చేరును. పల్లమును ఒక్కసారిగా నింపక, అరడుగు మందమున మొరము పరచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, ఆపైన మరియొక వరుస వేయవలెను. ఈ పని స్త్రీలు, యౌవనస్థులు వంతులవారీగా చేయవచ్చును. ముగ్గు పోయునప్పుడు మూల సరిచూచుటకు ఒక దారమున 3 అడుగులు, రెండవదాన 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టుడి. ఆ రెండు గుర్తుల నడుమ సరిగా 5 అడుగులుండవలెను. ఉన్నయెడల త్రవ్వకము మొదలుపెట్టవచ్చును.