పాటలోనూ తాలు ఏరాలి

మాఘమాసం వచ్చిందంటే రొంపిచెర్ల చుట్టుపక్కల ఏ కల్లం చూసినా ఎర్రటి ఎరుపే. సాగర్ కుడికాలువ నీళ్లు తాగి పెరిగిన మిరప కోతకొచ్చి పట్టల మీద ఆరుతూ ఉంటుంది. ఆ మధ్య మా చుట్టాల కల్లంలో ఆడవాళ్లతో పాటు కూర్చుని నేనూ రంగు తప్పిన తాలుకాయలు ఏరాను. చేతులకే పని, చెవులకు పనిలేదు కదా! ఎవరిదో ఫోను ఒక మిరప బస్తాకు ఆనించి పెట్టారు. అందులో ఫోక్ సాంగ్ వస్తోంది. మిరపచేలో ఒకమ్మాయి. మెరిసే లంగాఓణీ, మోచేతుల దాకా గాజులు, పెదాలకు రంగు, నడుం మీద చిన్న బుట్ట, బుట్టలో పట్టుమని పాతిక కాయలు కూడా లేవు. డ్రోన్ పైకి లేచినప్పుడల్లా చేను గుండ్రంగా తిరుగుతోంది.

ఆ ఇంటి పిల్ల నాలుగో తరగతి. పాట వినపడగానే లేచి ఒక్కో స్టెప్పూ పొల్లుపోకుండా వేసింది. నడుం తిప్పే చోట నడుమూ తిప్పింది, కన్ను కొట్టే చోట కన్నూ కొట్టింది. "ఎక్కడ నేర్చావే ఈ యేషాలు?" అని వాళ్లమ్మ ఫోను లాక్కుని ఒళ్లో దాచుకుంది. పిల్ల ఒకటే ఏడుపు. కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ నా పక్కన చేరి అడిగింది: "పెద్దమ్మా, ఆ అక్క మొహానికి గుడ్డ కట్టుకోలేదేంది? ఘాటు ఎక్కదా?"

కల్లంలో ఉన్నవాళ్లం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. తలకూ ముక్కుకూ కలిపి చుట్టిన తువ్వాళ్లు, చీరల మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కాలు, మంటెక్కిన వేళ్లు. మిరప పని చేసే ఆడమనిషి ఇట్లా ఉంటుంది. వీడియోలో కనపడని ఆ మనిషిని తొమ్మిదేళ్ల పిల్ల వెతికి పట్టుకుంది. వాళ్లమ్మ నవ్వేసి ఫోను తిరిగి ఇచ్చింది.

తల్లిదండ్రులకు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పాటను చూసి పిల్లలు గట్టి ప్రశ్నలే వేయగలరు. అవి బయటికొచ్చే దాకా మనం పక్కన కూర్చోం, అదే చిక్కు. ఫోను లాక్కుంటే పాట ఆ పూటకు ఆగుతుంది, పక్కింట్లో మళ్లీ మోగుతుంది. పక్కన కూర్చుని పాటను విప్పి చూపిస్తే మాత్రం, ఆ తర్వాత ఎవరి ఫోన్లో చూసినా మీ పిల్ల తన కళ్లతోనే చూస్తుంది.

మూసను పట్టుకునే ఆట

పాటలు వేలల్లో ఉన్నా వాటిని పోసే అచ్చులు కొన్నే. హీరో ఎంట్రీ పాటా? ముందు కాలు కనపడుతుంది, తర్వాత వీపు, ఆఖరికి మొహం, వెనక వందమంది డ్యాన్సర్లు. డ్యూయెట్టా? ఊళ్లో కలిసిన చూపు మరుక్షణం మంచుకొండల్లో తేలుతుంది. అక్కడ అతనికి మందపాటి కోటు, ఆమెకు పల్చటి చీర. ఐటం సాంగా? సారా దుకాణమో విలన్ డెన్నో, చుట్టూ తాగిన మగాళ్లు, నడుమ కథతో సంబంధం లేని ఒక్క ఆడమనిషి. జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మితల కాలం నుంచి ఈ అచ్చు పెద్దగా మారలేదు. ఫోక్ సాంగా? పెంకుటిల్లు, బావిగట్టు, గేదెలు, బావామరదళ్ల సరసం.

ఇది పిల్లలకు పాఠంలా చెప్పకండి, ఆటలా ఆడించండి. పాట మధ్యలో ఆపి "తర్వాత ఏమొస్తుందో చెప్పు చూద్దాం" అనండి. మనకంటే ముందే చెప్పేస్తారు. తాము అనుకున్నదే తెరమీద జరుగుతుంటే పాట వేసిన మత్తు కొంచెం కొంచెం దిగుతుంది. "ఆమెకు చలెయ్యదా?" అన్న ప్రశ్న వాళ్ల నోటివెంటే వస్తుంది.

మూస ఉండటమే తప్పని మాత్రం అనకండి. బుర్రకథకు తందాన ఉంది, హరికథకు చిడతలున్నాయి. కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్లలో పల్నాటి కథ పాడేవాళ్లకూ ఒక పద్ధతి ఉంది. తెలిసిన దారిలో నడవడం కళకు కొత్త కాదు. ఆ దారిలో ఎవరిని ముందు నడిపించారు, ఎవరిని వెనక్కి నెట్టారు అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న పల్నాటివాళ్లకు పాతదే. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని శ్రీనాథుడు కావ్యం చేశాడు, వీరవిద్యావంతులు తరతరాలుగా పాడారు. బ్రహ్మనాయుడి పక్షాన సాగే ఆ కథలో నాయకురాలు నాగమ్మ కుట్రలు పన్నే మనిషి. రాజ్యం నడిపిన ఆడమంత్రిగా మొదలుపెట్టి చెబితే అదే నాగమ్మ వేరేగా కనపడుతుంది. 1966లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' సినిమాలో ఆ పాత్ర భానుమతి వేశారు. పిల్లలతో కలిసి చూసి, "ఈ కథ నాగమ్మే చెబితే ఎట్లా ఉండేది?" అని అడిగి చూడండి. బొమ్మ ఎవరిదైనా, గీసే చెయ్యి ఎవరిదో అడగాలన్న సంగతి వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

ఒక పాట, మూడుసార్లు

పిల్లలకు నచ్చిన పాటనే తీసుకోండి. మీకు నచ్చనిదైతే మరీ మంచిది. ముందుగా "నీకు ఇందులో ఏం నచ్చింది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. దరువు నచ్చిందంటే దరువు బాగుందని ఒప్పుకోండి.

మొదటిసారి సౌండు తీసేసి చూడండి. కెమెరా ఎవరి మొహం దగ్గర నిలబడింది, ఎవరి నడుం దగ్గర నిలబడింది? వేళ్లమీద లెక్కపెట్టమనండి. పాట ఉన్నప్పుడు తెలియని సంగతి మూగబొమ్మలో చక్కగా తెలుస్తుంది.

రెండోసారి కళ్లు మూసుకుని వినండి. ఎవరు ఎవరితో అంటున్నారు? ఆమె మాట్లాడుతోందా, ఆమె గురించి మాట్లాడుతున్నారా?

మూడోసారి రెండూ కలిపి చూసి, మాటా బొమ్మా ఒకే సంగతి చెబుతున్నాయా అని అడగండి.

కాస్త పెద్దపిల్లలుంటే 2021 డిసెంబరులో వచ్చిన 'పుష్ప' సినిమాలోని 'ఊ అంటావా' పాట దీనికి మంచి ఉదాహరణ. చంద్రబోస్ రాశారు, దేవిశ్రీప్రసాద్ స్వరపరిచారు, ఇంద్రావతి చౌహాన్ పాడారు, సమంత ఆడారు. కళ్లు మూసుకుని వింటే ఒక ఆడమనిషి మగవాళ్ల వంకరచూపును నిలదీస్తోంది. మగాళ్లను కించపరిచారంటూ ఒక పురుషుల సంఘం ఫిర్యాదు కూడా చేసింది. అదే పాటను సౌండు తీసేసి చూస్తే, పాట తిట్టిన చూపుతోనే కెమెరా ఆమెను చూస్తోంది. తిట్టూ ఆ పాటదే, చూపూ ఆ పాటదే. పదో తరగతి పిల్లలు దీన్ని పట్టుకుంటే వాళ్లను ఇక ఏ పాటా తేలిగ్గా బుట్టలో వేసుకోలేదు.

చిన్నపిల్లలైతే 'నాటు నాటు' పెట్టండి. 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చిన పాట కాబట్టి అందరికీ తెలిసిందే. సినిమా కథలో అది ఢిల్లీలో తెల్లదొరల విందు. తీసింది మాత్రం 2021 ఆగస్టులో, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరీన్స్కీ రాజభవనం ముందు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ దేశంలో యుద్ధం మొదలైంది. కనపడే చోటు ఒకటి, నిజంగా ఉన్న చోటు ఇంకొకటి అని చెబితే పిల్లలు నోరెళ్లబెడతారు. ఇద్దరు మగాళ్లు కాళ్లనొప్పులు పుట్టేదాకా ఆడితే చాలు, పాట ఊపందుకుంటుందని చూపించండి. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేయండి: "ఆ తోటలో మనదేశపు ఆడవాళ్లు ఎంతమంది కనపడ్డారు?" వెతకనివ్వండి. ఇష్టమైన పాటను కూడా అడగొచ్చని నేర్చుకోవడమే ఇందులో లాభం.

మగపిల్లల సంగతి

పాటల విషయంలో మనం ఆడపిల్లలనే ఎక్కువ కసురుతాం. 'ఆ ఊపులేంటి, ఆ బట్టలేంటి' అంటాం. పక్కనే కూర్చున్న మగపిల్లాడు ఏం నేర్చుకుంటున్నాడో పట్టించుకోం. మన పాటల్లో బాగా అరిగిపోయిన మూస ఒకటుంది. అబ్బాయి వెంటపడతాడు, దారికి అడ్డం నిలబడతాడు, కొంగు పట్టుకుంటాడు. ఆమె మొదటి చరణంలో విసుక్కుంటుంది, రెండో చరణంలో నవ్వుతుంది. కాదంటే ఔనని అర్థమన్న పాఠాన్ని నాలుగు నిమిషాల్లో తాళం వేసి మరీ నేర్పుతారు.

అట్లాంటి పాట వచ్చినప్పుడు "మీ అక్క ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు ఎవడన్నా ఇట్లా చేస్తే?" అని మామూలుగా అడగండి. వాడు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ప్రశ్న లోపలికి దిగుతుంది. ఆడపిల్ల వద్దన్నా పదేపదే వెంటపడటం 2013 నుంచి మన చట్టంలో నేరమని కూడా చెప్పండి. తెరమీద పల్లవి అయ్యేది రోడ్డుమీద కేసు అవుతుందని ఈ వయసులోనే తెలియాలి.

ఇంకెవరో ఆపుతారని ఉండకండి

సినిమాకు సెన్సారు ఉంది కదా అనుకుంటాం. ఇప్పుడు యు/ఎ సర్టిఫికెట్‌ను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని విడగొట్టారు కూడా. అది థియేటర్ సంగతి. యూట్యూబులో పెట్టే పాట ఆ గడప తొక్కి రానక్కర్లేదు. 2025 మార్చిలో 'రాబిన్‌హుడ్' సినిమా పాటలోని ఒక స్టెప్పు మీద పెద్ద గొడవ జరిగింది. సినిమాల్లో అసభ్యమైన స్టెప్పులు వద్దని తెలంగాణ మహిళా కమిషన్ హెచ్చరించింది. థియేటర్లకు వచ్చేసరికి ఆ స్టెప్పు తీసేశారు. మంచిదే. కానీ అప్పటికే అది రీళ్లలో ఊరూరా తిరిగేసింది. పైవాళ్లు కత్తెర తీసేలోపే పాట మీ వసారాలోకి వచ్చేస్తుంది.

కాబట్టి ఇంట్లో చేయగలిగినవి చేయండి. ఒక పాట అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను ఆపేయండి. ఇయర్‌ఫోన్లు పక్కనపెట్టి అందరూ వినేలా పెట్టుకోమనండి. పాటకు ఒకే ప్రశ్న వేయండి. వరసగా నాలుగు ప్రశ్నలేస్తే పాట పరీక్ష అయిపోతుంది, పిల్లలు మేడమీదకి పారిపోతారు.

బడి వార్షికోత్సవం దగ్గరపడితే మీ పాప ఏ పాటకు ఆడుతోందో వారం ముందే కనుక్కోండి. ఒక బడిలో ఏడేళ్ల పిల్లలతో ఐటం సాంగ్ ఆడించారు. కింద కూర్చున్న పెద్దలంతా ఫోన్లెత్తి వీడియోలు తీశారు, చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర పాటలకు ఆడేవాళ్లను చూస్తూ మన మగవాళ్లు వేసే ఈలలు కూడా, భుజాన కూర్చున్న పిల్లలు వింటూనే ఉంటారు. పాటకంటే ముందు వాళ్లు మనల్ని చూసి నేర్చుకుంటారు.

తిట్టి సిగ్గుపడేలా మాత్రం చేయకండి. ఆ కల్లంలో పిల్ల నడుం తిప్పిందంటే దానికి తెలిసిన అర్థం దరువొక్కటే. మనం వేరే అర్థం అంటగట్టి కసిరితే దానికి తన ఒంటి మీదే అసహ్యం పుడుతుంది. ఆడనివ్వండి. ఆట అయ్యాక అడగండి.

ఎర్రకాయా తాలుకాయా ఒకే చెట్టున కాస్తాయి. తాలు వచ్చిందని మిరప వేయడం మానేసిన రైతును నేను చూడలేదు, ఏరకుండా మిరప యార్డుకు తోలిన రైతునూ చూడలేదు. పాటల విషయంలోనూ అంతే. మన పిల్లలు రోజూ ఒళ్లో పోసుకుంటున్న ఆ కుప్పలో మంచికాయలూ బోలెడున్నాయి, ఏరడం చూపించే చేతులే తక్కువయ్యాయి.

ఆ పిల్ల ఇప్పటికీ ఆ పాటకు ఆడుతోందని వాళ్లమ్మ చెప్పింది. కాకపోతే మొహానికి తువ్వాలు చుట్టుకుని మరీ ఆడుతోందట.

ఈ రాత్రి అన్నాలయ్యాక మీ పిల్లల ఫోన్లో ఒక్క పాట పెట్టమనండి. పక్కన కూర్చుని చివరిదాకా చూడండి. ఒక్క ప్రశ్న అడగండి.