ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది?

విజయవాడ,
ఆదివారం.

చి. అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన బొమ్మలు చూశాను. ఫోన్లో నా కళ్లకి ఆనక, మీ మామయ్య చేత ల్యాప్‌టాప్‌లో తెరిపించుకుని తీరిగ్గా మళ్లీ చూశాను. నల్లగండ్లలో మూడు బెడ్రూముల ఫ్లాటు, ఎవరి కిందా కాకుండా నువ్వు సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. మీ నాన్న ఫోన్ చేసి గంటసేపు దాని ముచ్చటే చెప్పాడు. బాగున్నాయే అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. ఇంకా చెబుదామంటే ఫోన్లో నువ్వు ‘సరే అత్తయ్యా, సరే అత్తయ్యా’ అంటూనే ఇంకో చేత్తో మెయిల్ చూసుకుంటావు. అందుకని కాగితం తీశాను.

ఎనిమిది బొమ్మలు పంపావు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. గుమ్మం దగ్గర చెప్పుల్లేవు, మూల చీపురు లేదు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను లేదు, బాల్కనీలో ఆరేసిన తువ్వాలు లేదు. సోఫా మీద దిండ్లు మాత్రం పరేడ్‌కి నిలబడ్డట్టున్నాయి. త్రీడీ బొమ్మలు ఎవరివైనా అంతేలే, నావీ అంతే. కానీ ఆ ఇంట్లో ఉండేది ఐదుగురని నువ్వే చెప్పావు: మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. ఆ పెద్దావిడ పగలంతా ఎక్కడ కూర్చుంటుందా అని ఎనిమిది బొమ్మలూ వెతికాను. మంచం ఉంది. ఆవిడకని కుర్చీ లేదు.

నిన్ను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. అచ్చంగా ఇదే తప్పు నేను చేశాను, పాతికేళ్ల కిందట, ఇక్కడే బెజవాడలో. అప్పటికి నాకు కాస్త పేరొచ్చింది, కళ్లు కాస్త నెత్తికెక్కాయి. డబ్బుకి వెనకాడని ఇల్లు దొరికింది. నేలంతా పాలరాయి, పైన ఫాల్స్ సీలింగ్, దాని అంచుల్లో దాగిన లైట్లు, విదేశీ క్యాటలాగు చూసి చేయించిన సోఫా. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు నా ఫోన్ నంబరు రాసుకుని మరీ వెళ్లారు. ఆరు నెలల తర్వాత అల్మరా తలుపు వంగిందంటే వెళ్లాను. లిఫ్టు తలుపు తీసేసరికి ఎదురుగా, కారిడార్లో, ప్లాస్టిక్ కుర్చీలో ఆ ఇంటి పెద్దావిడ. ఒళ్లో చేట, చేతిలో చిక్కుడుకాయలు. ఈనెలు తీసి పక్కనున్న స్టీలు గిన్నెలో వేస్తోంది.

“ఇక్కడ కూర్చున్నారేంటండీ?” అన్నాను.

“లోపల కూర్చుంటే లేవలేను తల్లీ, చెయ్యి అందించేవాళ్లు కావాలి. ఇక్కడైతే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కనిపిస్తారు” అంది. కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది.

లోపలికెళ్లి నా సోఫాని నేనే టేపు పెట్టి కొలుచుకున్నాను. సీటు ఎత్తు పదిహేను అంగుళాలు, లోతు ఇరవై ఆరు. ఆవిడ ఐదడుగులు కూడా ఉండదు. వెనక్కి ఆనుకుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి, ముందుకి జరిగితే వీపుకి ఆసరా ఉండదు. చేతులు ఆన్చి లేవడానికి పక్కన గట్టి చెక్క లేదు, అంతా మెత్తటి దూదే. ఆ ఇంటికి నేను ఎన్నో కొలతలు తీశాను. కిటికీలు, దూలాలు, మూలమట్టాలు, ఆఖరికి ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా. ఆవిణ్ణి మాత్రం కొలవలేదు. ఆవిడకేం కావాలో అడగనూ లేదు. ‘అమ్మకేం తెలుస్తుందండీ, మీరు కానివ్వండి’ అన్నాడు కొడుకు. కానిచ్చాను.

ద్వారబంధాలకి తెచ్చిన టేకులో ముక్కలు మిగిలి ఉంటే, మా వడ్రంగి చేత ఆవిడకో కుర్చీ చేయించాను. సీటు ఎత్తు పదహారున్నర, లోతు పదిహేడు, చేతులు కాస్త ముందుకి పొడుచుకొచ్చేలా, నిటారుగా. హాల్లో మంచి చోటు చూసి వేయించాను. వారం తర్వాత వెళ్తే ఆవిడ మళ్లీ కారిడార్లోనే ఉంది. కుర్చీ బాగుంది, నడుం నొప్పి లేదంది, కానీ లోపల ఎవరున్నారు చూడ్డానికి? అప్పుడు వీధి తలుపుకి బయటివైపు ఇనప జాలీ తలుపు ఒకటి వేయించి, కుర్చీని దాని పక్కకి జరిపాను. చెక్క తలుపు బార్లా తెరిచి, జాలీకి గడియ పెట్టుకుని, లోపల కూర్చునే లిఫ్టులో దిగేవాళ్లని పలకరించడం మొదలెట్టింది. మొత్తం ఇంటికి నేను గీసిన గీతలన్నిటిలోకీ పనికొచ్చింది ఆ జాలీ తలుపే. దానికి ఎవరూ నా ఫోన్ నంబరు అడగలేదు.

మన కోనసీమ ఇల్లు నువ్వు చూడలేదు, నువ్వు పుట్టకముందే అమ్మేశారు. మండువా లోగిలి. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ మండువాలోకే దూకేవి. పిల్లలం అంచున కూర్చుని కాళ్లు తడుపుకునేవాళ్లం. ఇప్పుడు రిసార్టుల వాళ్లు ఆ ఇళ్ల స్తంభాలూ పెంకులూ చెక్కడాలూ పట్టుకుపోయి మళ్లీ కట్టుకుంటున్నారు. నాకు మాత్రం వీధి అరుగు ఎత్తే గుర్తు. దారినపోయేవాడు వెనక్కి తిరిగి అలా చతికిలబడితే చాలు. గడప దాటక్కర్లేదు, చెప్పులు విప్పక్కర్లేదు, ‘లోపలికి రండి’ అని ఎవరూ అనక్కర్లేదు. రావాలో వద్దో తేల్చుకునేదాకా కూర్చోవచ్చు.

అలాగని దాన్ని నెత్తికెత్తుకోకు. ఆ అరుగు మగవాళ్లది. మా అమ్మ, అంటే మీ మామ్మ, దాని మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. తలుపు వారగా నిలబడే మాట్లాడేది. పొలం పనివాళ్లు అరుగెక్కేవారు కాదు, కిందే నిలబడేవారు. కూర్చోమన్నవాళ్లూ లేరు. పాతకాలపు ఇళ్లలో ఆప్యాయత అని ఎవరైనా మొదలెడితే నాకు ఆ నిలబడ్డ మనుషులే మెదులుతారు. ఏ ఇంటికి వెళ్లినా ఇక్కడ నిలబడి ఉండేది ఎవరు అని వెతకడం నాకు అప్పట్నుంచే అలవాటైందేమో.

నీ ఫ్లాటులో నిలబడేవాళ్లు ఎవరో చూడు. వంటమనిషి రెండు పూటలా వస్తుందన్నావు. ఆవిడ సంచీ ఎక్కడ తగిలిస్తుంది? టీ తాగేటప్పుడు ఎక్కడ కూర్చుంటుంది? యుటిలిటీలో మడత స్టూలుకి చోటు, గోడకి రెండు కొక్కేలు, ఖర్చు ఎంతని? ఆ ఇంటావిడ ఒప్పుకోకపోతే గట్టిగా వాదించు. ఇంకో మాట, గట్టు ఎత్తు మాడ్యులర్ కిచెన్ వాళ్లు ముప్ఫై నాలుగు అంగుళాలని రాసేస్తారు. నిజంగా వండే మనిషిని నిలబెట్టి మోచెయ్యి మడిపించు, అక్కణ్ణించి నాలుగైదు అంగుళాలు దించు. కూరలు తరిగే చోటుకి అదే ఎత్తు. పొయ్యి దగ్గర ఇంకాస్త తగ్గినా మంచిదే, మన గిన్నెలు లోతు. డ్రాయర్లన్నీ అందంగా గీశావు గానీ ఆవకాయ జాడీ ఏ డ్రాయర్లో పడుతుంది? పాతిక కిలోల బియ్యం బస్తా? నేను ఒకావిడకి చేసిన వంటింట్లో జాడీకి చోటు లేక, వేసవిలో దేవుడి గదిలో పెట్టుకుంది పాపం. దేవుడికీ ఆవకాయకీ పడుతుందో లేదో గానీ, ఆవిడ నన్ను చూసినప్పుడల్లా నవ్వేది.

గుమ్మం సంగతి. ఫ్లాటుకి అరుగు ఉండదు. అయినా నాలుగడుగుల నడవా ఉందిగా. ఇప్పుడు నువ్వు అక్కడ నిలువు అద్దం, దాని కింద ఇత్తడి ఉరుళి పెట్టావు. వచ్చినవాడు ఒంటికాలి మీద గెంతుతూ బూట్లు విప్పుకోవాలి, ఆ గెంతులన్నీ అద్దంలో కనపడతాయి. అద్దం పక్క గోడకి జరిపి, అక్కడ పదిహేడు అంగుళాల ఎత్తున బల్ల వెయ్యి. కింద చెప్పుల అర, దాని తలుపులకి గాలి ఆడే పట్టీలు. లేకపోతే వానాకాలంలో కంపు కొడుతుంది. పక్కనే చేతిసంచీ పెట్టుకునే చిన్న గూడు. వచ్చినవాణ్ణి ఇల్లు ముందుగా పలకరించేది అక్కడే.

బాల్కనీలో రెండు కేన్ కుర్చీలు, మధ్యలో గుండ్రటి టేబులు పెట్టావు. నీ ప్లానులో లోతు నాలుగున్నర అడుగులు. ఆర్కిటెక్టు క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయనతో పనిచేసినవాళ్లు 1977లో ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ అని లావుపాటి పుస్తకం తెచ్చారు, అందులో 253 సూత్రాలు. ఆరడుగుల కన్నా తక్కువ లోతున్న బాల్కనీని జనం వాడరు అన్నది వాటిలో ఒకటి. మన అపార్టుమెంట్లు చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది, సగం బాల్కనీల్లో ఉండేది బట్టల స్టాండూ పాత సైకిలూ. కుర్చీలు తీసేసి, ఒక పక్క పొట్టి గోడకి ఆనించి గట్టు కట్టించు. ఒక్కరు కాళ్లు చాపుకుని కాఫీ తాగితే అదే పదివేలు. తిరువనంతపురంలో లారీ బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్‌కి ఈసారి వెళ్లు. మెలికలు తిరుగుతూ పైకెక్కే వాలు, గోడ వెంబడే కట్టేసిన బల్లలు. అంత ఇరుకులో కుర్చీ లాగే పని లేకుండా ఎంతమంది కూర్చుంటారో చూడు.

హాల్లో పన్నెండు డౌన్‌లైట్లు. అన్నీ నడినెత్తిన. ఆ వెలుతురు కళ్ల కింద నీడలు వేస్తుంది, నిన్నే పెళ్లయిన పిల్ల కూడా వారం నిద్రలేనట్టు కనపడుతుంది. ఆరు తీసేయి. వాటి బదులు గోడ దీపాలో నిలువు దీపాలో పెట్టు, వెలుతురు పక్కనుంచి మొహం మీద పడేలా. హాలుకీ పడగ్గదులకీ 3000 కెల్విన్, వంటగట్టు మీద 4000. బియ్యంలో రాయి కనపడాలి. అయితే మన పెద్దవాళ్లకి తెల్లటి ట్యూబులైటే వెలుతురు. పసుపు దీపం వేస్తే ‘కరెంటు డిమ్ముగా ఉందా’ అంటారు. వాళ్లతో పోట్లాడకు. పైగా వయసు పెరిగేకొద్దీ కళ్లకి వెలుతురు ఎక్కువే కావాలి, మిరుమిట్లు మాత్రం పడవు. రెండు రకాలూ బిగించి రెండు స్విచ్చులు ఇచ్చేయి, ఎవరిది వాళ్లు వేసుకుంటారు. ఆ నిగనిగలాడే టైల్స్ కూడా మార్చు, కనీసం పెద్దావిడ బాత్రూములోనైనా గరుకువి వెయ్యి. పట్టుకునే కడ్డీ ఇప్పుడొద్దంటే, గోడలో దానికి పట్టు మాత్రం ఇప్పుడే పెట్టించి ఉంచు.

సోఫాలు రెండూ టీవీ వైపు తిప్పి వేశావు, బస్సులో సీట్లలా. ఒకదాన్ని అడ్డంగా తిప్పు. ఎదురెదురు మనుషుల మధ్య ఏడెనిమిది అడుగులకి మించనివ్వకు. మించితే గొంతు పెంచాలి, గొంతు పెంచే బదులు జనం టీవీయే పెట్టుకుంటారు.

డబ్బు మాట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ప్లైవుడ్ కొట్టువాడు కవరు ఇస్తాడు. నాకూ ఇచ్చారు. మొదట్లో ఒకసారి తీసుకున్నాను, నీకు కాబట్టి చెబుతున్నాను. సింకు కిందకి నీళ్లకి తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై రావాలి, మామూలుది వచ్చింది, అడగడానికి నాకు నోరు పెగల్లేదు. రెండో వానాకాలానికి అది ఉబ్బింది. నా ఖర్చుతో మార్చాను, కవరులో వచ్చిన దానికి మూడింతలు అయింది.

చివరిగా ఆ బుద్ధుడి తల. ఎవరిని చూసి పెట్టావే? ఆ ఇంట్లో ఎవరికైనా బుద్ధుడంటే భక్తి ఉందా? ఉంటే సరే. లేకపోతే పెద్దావిడ ఊళ్లో ఇల్లు అమ్మినప్పుడు ఏం తెచ్చుకుందో అడుగు. ఏదో ఒకటి తెచ్చుకునే ఉంటుంది: పడక కుర్చీయో, రోలో, పెళ్లినాటి భోషాణమో. సామాను గదిలోనో మంచం కిందో ఉంటుంది. అది ‘సెట్ అవ్వదు’ అంటాడు కొడుకు. తెచ్చి హాల్లో పెట్టాక, మిగతా హాలుని దానికి సెట్ చెయ్యి.

ఇవన్నీ ఒక్కసారే చేయలేవు, బడ్జెట్ కూడా ఒప్పుకోదు. ముందు ఒక్క పని చెయ్యి. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మడత కుర్చీ ఒకటి పట్టుకుని ఆ ఫ్లాటుకి వెళ్లు. పెద్దావిణ్ణీ రమ్మను. కొడుకూ కోడలూ ఏం కావాలన్నారో కాసేపు మర్చిపో. ఆవిడ గదులన్నీ తిరిగాక ఎక్కడ ఆగుతుందో చూసి, కుర్చీ అక్కడ వెయ్యి. కూర్చున్నాక, చెప్పులు విప్పించి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టి చూడు. ఎన్ని అంగుళాలు వచ్చిందో నాకు రాయి. మన వడ్రంగి దగ్గర ఇంకా టేకు ముక్కలున్నాయి.

మీ అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
అత్తయ్య.

తా.క. నువ్వూ జాలీ తలుపు పెట్టిద్దామంటే అపార్టుమెంటు అసోసియేషన్ వాళ్లు అడ్డం చెబుతారు, బయటి రూపు పాడవుతుందని, దారికి అడ్డమని. కారిడార్లోకి కాకుండా లోపలికి తెరుచుకునేలా చేయిస్తే ఒప్పుకోవచ్చు. ముందే కనుక్కో.