మెల్లగా ఎక్కుట
పాఠ్యభాగము: ఆదికాండము 33:12-14

ఆఫ్రికా ఖండములోని టాంజానియా దేశమున కిలిమంజారో అను పర్వతము కలదు. దాని యెత్తు 5,895 మీటర్లు. సామాన్యమైన దేహబలము గలవారును మార్గదర్శి వెంట దాని నెక్కుచున్నారు. మార్గదర్శి లేనిదే ఎవరిని ఎక్కనియ్యరు. అతడు దారి పొడుగున "పోలె, పోలె" అనుచుండును. స్వాహిలీ భాషలో దానికి "మెల్లగా, మెల్లగా" అని యర్థము.

శిఖరముమీద ఒక్కొక్క శ్వాసకు దొరకు ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో సుమారు సగమే. శరీరము దానికి అలవాటుపడుటకు దినములు పట్టును. బలవంతుడైనను తొందరపడినచో తలనొప్పి, వాంతులు కలుగును. అవి ముదిరినచో ప్రాణాపాయము; క్రిందికి దిగుటయే ముఖ్యమైన మందు. కాబట్టి మార్గదర్శి దిగుమనినప్పుడు దిగుట అవమానము కాదు.

యాకోబు ఏశావుతో సమానముగా నడచుటకు ఒప్పుకొనలేదు. ఒక్కనాడు తొందరపెట్టినను పాలిచ్చు పశువులకు చేటని యెరిగి, పిల్లల నడకనుబట్టి మెల్లగా వచ్చెదననెను. మందలను మేపు మనకు ఈ సంగతి తెలియును గదా!

మన సంఘములో క్రొత్తగా విశ్వసించినవారును, వృద్ధులును, చదువెరుగనివారును ఉన్నారు. మనము ముందుకు పోయి వారిని దారిలో విడిచినచో, ప్రధాన కాపరికి ఏమని జవాబు చెప్పుదుము? ఈ వారము కూడికకు రానివారి యింటికి వెళ్లుదము.