బ్యాండు పాటలో రెండో గొంతు: యుఫోనియం



పెళ్ళి బరాత్‌లో బ్యాండు వస్తుంటే మనం వినేది ట్రంపెట్, క్లారినెట్ వాయించే పాటనే. కానీ ఆ పాట కింద ఇంకో వరుస నడుస్తుంటుంది. ఇంగ్లీషులో దాన్ని కౌంటర్ మెలొడీ అంటారు. మనం ‘తోడు వరుస’ అనుకుందాం. కవాతు పాటల్లో, అంటే మార్చ్‌లలో, ఈ పని ఎక్కువగా చేసేది యుఫోనియం. ఈ పాఠం దాని గురించే.

వాద్యం సంగతి
యుఫోనియం అంటే రెండు చేతులా ఒడిసి పట్టుకుని వాయించే పెద్ద ఇత్తడి బూర. దాని గొట్టాన్ని సాగదీస్తే సుమారు 9 అడుగులు ఉంటుంది. ట్రాంబోన్ గొట్టం పొడవూ అంతే. అయితే ట్రాంబోన్ గొట్టం చాలా దూరం ఒకే లావుతో సాగుతుంది కాబట్టి దాని నాదం పదునుగా ఉంటుంది. యుఫోనియం గొట్టం క్రమంగా వెడల్పవుతుంది కాబట్టి నాదం గుండ్రంగా, మగవారి గొంతులా పలుకుతుంది. ‘తీయని నాదం’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది.

తోడు వరుస పనిచేసే తీరు
మార్చ్‌లో మొదట రెండు భాగాలు ఉంటాయి. ఆ తర్వాత వచ్చే భాగం ట్రయో. అక్కడ సాధారణంగా శ్రుతి మారుతుంది, అంతవరకూ మధ్యమంగా ఉన్న స్వరం షడ్జమం అవుతుంది. ట్రయో పాటను తరచుగా ఒకసారి మెల్లగా వినిపించి, తర్వాత గట్టిగా మళ్ళీ వాయిస్తారు. రెండోసారికి పాట మనకు తెలిసిపోయి ఉంటుంది కాబట్టి స్వరకర్త తోడు వరుసను చేరుస్తాడు. సూత్రం తేలికైనది: పై పాట ఒక స్వరం మీద నిలిచినప్పుడు కింది వరుస కదలాలి, పై పాట పరుగెత్తినప్పుడు కిందిది నిలవాలి.

మూడు ఉదాహరణలు
1. అమెరికా స్వరకర్త సూసా 1896లో రాసిన ‘ది స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’. చివరి భాగంలో అసలు పాట, దానిపైన పిక్కలో, కింద ట్రాంబోన్లు, ఇలా మూడు వరుసలు ఒకేసారి వినిపిస్తాయి. చెవికి మొదటి సాధన దీనితో చేయాలి.
2. బాగ్లే రాసిన ‘నేషనల్ ఎంబ్లమ్’ (1906లో అచ్చయింది). ఇందులో అమెరికా జాతీయగీతంలోని మొదటి 12 స్వరాలను యుఫోనియం వంటి మధ్యస్థాయి వాద్యాలకే అప్పగించాడు.
3. కార్ల్ కింగ్ 1913లో రాసిన ‘బార్నమ్ అండ్ బెయిలీస్ ఫేవరెట్’. కింగ్ సర్కస్ బ్యాండ్లలో ఈ వాద్యం వాయించినవాడే. అందుకే యుఫోనియానికి చేతినిండా పని పెట్టాడు. అప్పటికి ఆయన వయసు సుమారు 22 ఏళ్ళు, ఇప్పటి మా కంటే ఏడాది చిన్న!

మన దగ్గర
బ్రిటిష్ సైనిక బ్యాండ్ల నుంచి ఈ వాద్యాలు మన పెళ్ళి బ్యాండ్లలోకి వచ్చాయి. మీరట్‌లో 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ ఇలాంటి వాద్యాల తయారీకి పేరుపొందింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా నాన్న పెళ్ళి బ్యాండులో ఈ పెద్ద బూరే వాయించేవారు. మేము పదో తరగతిలో ఉండగా ఒక బరాత్ హాస్టల్ ముందు నుంచి పోయింది. అందరూ గేటు దగ్గరికి ఉరికారు. మేము మాత్రం స్నానాల గదుల వెనక నిలబడ్డాం. నాన్న ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే ‘పట్నంలో నౌకరీ’ అనేవాళ్ళం.

పీజీలో చేరాక కింగ్ మార్చ్ విన్నాం. అందులో కింద పరుగెత్తుతున్న ఆ గొంతు మాకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. సెలవుల్లో ఇంటికి పోయి నాన్నను అడిగాం: “సినిమా పాటకు నువ్వేం వాయించేటోనివి?” ఆయన అన్నారు: “ట్రంపెటాయన దమ్ము దీసుకునేకాడ నేను నింపాలె బిడ్డా. లేకుంటే పాట తెగినట్టయితది.” మేము పుస్తకంలో చదివిన సూత్రం అదే. ఆయన బడి మొఖం చూడలేదు.

తమ్ముళ్ళారా! ఈసారి బ్యాండు వస్తే గేటు దగ్గరికి వెళ్ళండి. పాటను వదిలిపెట్టి, పాట ఆగినచోట ఎవరు ఊదుతున్నారో వినండి. మీ నాన్నది ఏ పని అయినా సరే, ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మేము ఆ మాట చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ.