పిల్లల్లో మూర్ఛ: గుర్తుపట్టడం ఎలా?



నల్లకుంట అనగానే హైదరాబాదులో ఎవరికైనా ఫీవర్ ఆసుపత్రి గుర్తుకొస్తుంది. కాబట్టి జ్వరంతోనే పాఠం మొదలుపెడతాను. ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లల్లో కొందరికి జ్వరం వచ్చినప్పుడు ఫిట్స్ వస్తాయి. చాలావరకు కొద్ది నిమిషాల్లోనే ఆగిపోతాయి. ఇది మూర్ఛవ్యాధి కాదు. అయితే మెడ బిగుసుకున్నా, బిడ్డ తెలివిలోకి రాకపోయినా మెదడువాపు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మెదడులోని కణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. అవి ఒక్కసారిగా అదుపు తప్పితే ఫిట్ వస్తుంది. జ్వరం, తలకు దెబ్బ వంటి తక్షణ కారణం లేకుండా, 24 గంటలకు పైగా ఎడంతో కనీసం రెండుసార్లు వస్తే మూర్ఛవ్యాధి అంటారు. ఒక్కసారే వచ్చినా, మళ్ళీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని తేలితే అదీ మూర్ఛవ్యాధేనని 2014లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించారు.

కిందపడి కాళ్ళు చేతులు కొట్టుకోవడం అందరికీ తెలిసిందే. తెలియని రకం ఇంకొకటుంది. నాలుగు నుండి పదేళ్ళ వయసులో ఎక్కువగా మొదలవుతుంది. పిల్లవాడు రాస్తూ రాస్తూ ఆగిపోతాడు. చూపు నిలిచిపోతుంది, రెప్పలు అదురుతాయి. పది సెకన్లకు మళ్ళీ మామూలే. రోజుకు పదుల సార్లు రావచ్చు. డిక్టేషన్‌లో మధ్య మాటలు ఎగిరిపోతాయి. ‘పరధ్యానం’ అని బెత్తం దెబ్బలు పడేది ఇలాంటి వాళ్ళకే. పరధ్యానంగా ఉన్నవాడు భుజం తడితే ఉలిక్కిపడి చూస్తాడు, వీడు చూడడు. తేడా అక్కడుంది.

పెద్ద పిల్లలకు పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి గ్లాసు జారిపోతుంటే అదీ డాక్టరుకు చెప్పాల్సిన సంగతే. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుంటే ఇది ఎక్కువవుతుంది. ప్రేయర్‌లో ఎండకు కళ్ళు చీకట్లు కమ్మి, చెమటపట్టి పడిపోయి వెంటనే తేరుకోవడం మాత్రం సాధారణంగా మూర్ఛవ్యాధి కాదు.

ఇక నిర్ధారణ. యంత్రం కంటే చూసినవాళ్ళ మాటే డాక్టరుకు ముఖ్యం. హాస్టల్లో అమ్మ ఉండదు కదా, సాక్షి పక్క మంచం వాడే! ఏ చెయ్యి ముందు కదిలింది, కళ్ళు తెరిచున్నాయా, ఎంతసేపు? ఫోనులో వీడియో తీసి డాక్టరుకు మాత్రమే చూపండి.

ఈఈజీ అంటే కరెంటు పెట్టడమని మా వాడలో భయం. ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. అది మెదడు సంకేతాలను రాసుకుంటుంది, అంతే, నొప్పి ఉండదు. 1924లో జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ మొదట మనిషి మీద చేశాడు. ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. స్కానింగ్‌లో కొందరి మెదడులో బద్దెపురుగు తిత్తి కనిపిస్తుంది. దాని గుడ్లు కడగని చేతులు, కూరగాయల ద్వారా శాకాహారులకూ చేరతాయి.

ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. తాళంచెవులు, ఉల్లిపాయ వద్దు. నోట్లో చెంచా, నీళ్ళు అసలే వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

పిల్లల కోసం నగరంలో నిలోఫర్ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే డాక్టర్లు చూసే జబ్బుల్లో ఫిట్స్ కూడా ఒకటి. ఆరోజు దాచకుండా చెప్పండి. ఆడపిల్లకైతే పెళ్ళి కాదని దాస్తారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అడ్డంకిగా చూపిన మాటను 1999లోనే తీసేశారు. మాత్రలు సెలవులకు ఊరెళ్ళినా మానకూడదు, డాక్టరు చెప్పేదాకా.